బావ కెమెరాకు చేసిన వైద్యం

జేబులో టెస్టర్ పెట్టుకుని తిరిగే వయసు ఒకటుంటుంది. చొక్కా జేబులోంచి దాని పసుపు పిడి నలుగురికీ కనిపించేలా పెట్టుకుని నడుస్తుంటే, కరెంటంతా మనల్ని అడిగే వస్తుంది, మనల్ని అడిగే పోతుంది అన్న భ్రమ కలుగుతుంది. నాకా వయసు మస్కట్‌లో వచ్చింది. అజైబాలో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్ హెల్పర్‌ని. హెల్పర్ అంటే నిచ్చెన పట్టుకునేవాడని మా ఫోర్‌మన్ అభిప్రాయం, సగం ఎలక్ట్రీషియన్ అని నా అభిప్రాయం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ సగం సంగతి ఎత్తేవాణ్ణి కాదు. (అమ్మ దాన్ని ఊళ్ళో 'ఇంజనీరు' దాకా తీసుకెళ్ళిందని తర్వాత తెలిసింది. అందులో నా తప్పు సగమే.) ఫోన్లలో కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటితో ఫోటో తీస్తే మనిషి కంటే చుక్కలే ఎక్కువ కనిపించేవి. అందుకని అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా ఏ రూమ్‌లో ఉందో తెలిస్తే చాలు, ఆ రూమ్‌కి ప్రతి శుక్రవారం చుట్టాలు పుట్టుకొచ్చేవారు.

మా రూమ్‌లో ఉన్న కెమెరా బావది. బావంటే మా అక్క భర్త, నాకు వీసా తీయించి తెచ్చినవాడు, విమానాశ్రయంలో నన్ను దించుకుని మొదటి నెలంతా తన పళ్ళెంలోంచి అన్నం పెట్టినవాడు. ఊళ్ళో కూతురు పుట్టడానికి నాలుగు నెలల ముందు ఆయన ఇక్కడికొచ్చాడు. ఆ పిల్లకప్పటికి రెండున్నరేళ్ళు. బావ ఆమెను కళ్ళతో చూడలేదు. ఫోన్లో అక్క రిసీవర్ ఆ పిల్ల నోటికి ఆనించేది, అది ఊపిరి పీల్చి వదిలేది, బావ ఆ ఊపిరినే అరగంట విని "మస్తు మాట్లాడుతదిరా" అని మాతో చెప్పేవాడు. నాన్న వచ్చాకే పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకుని, పిల్ల జుట్టు రెండున్నరేళ్ళుగా పెంచుతూ వచ్చారు. ఆ జుట్టుతో ఒక ఫోటో, గుండుతో ఒక ఫోటో తన చేత్తో తీయాలని బావ ఆ కెమెరా కొన్నాడు. కొన్న పదిరోజులకే కంపెనీ ఆయన్ని దూరాన ఎడారి పక్క దుక్మ్ సైట్‌కి పంపింది. వెళ్తూ వెళ్తూ దాన్ని డబ్బాతో సహా నా చేతిలో పెట్టాడు.

"గాడ దుమ్ము ఊకోదురా, ఇసుక పోతది దీంట్ల. నీ పెట్టెల పెట్టు. నువ్వు కరెంటోనివి, గిసుంటి వాటి సంగతి నీకైతె తెలుస్తది."

"నేనున్న గద బావా!" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా కుడిచెయ్యి టెస్టర్ మీదే ఉందని నాకిప్పటికీ గుర్తు.

బావ ఊరికి బయల్దేరడానికి సరిగ్గా వారం ముందు, శుక్రవారం సాయంత్రం, నేను కెమెరా పట్టుకుని అజైబా బీచికి వెళ్ళాను. ముట్టుకోవద్దని బావ చెప్పలేదు కదా, పెట్టెలో పెట్టమన్నాడు, ఆర్నెల్లు పెట్టాను (ఇంత న్యాయశాస్త్రం నాకు ఎక్కడినుంచి వచ్చిందో). కొత్తగా వచ్చిన మా వాళ్ళంతా పాటించే ఆచారం ఒకటుండేది. బాగా మెరిసే కారు వెతికి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, దానికి ఆనుకుని ఫోటో దిగి ఊరికి పంపడం. మా ఊళ్ళో ప్రతి ఇంటి గోడ మీదా ఎవరో ఒమానీ కారు ఉంటుంది. నేనూ ఒక తెల్లటి పెద్ద బండి చూసుకుని, కెమెరాను ప్యాంటు వెనక జేబులో పెట్టి, ఫోటో తీసేవాడు దొరుకుతాడేమోనని చూస్తూ, బానెట్ మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఇంతలో బండి యజమాని రానే వచ్చాడు. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, తల మీద కుమ్మా టోపీ, చేతిలో తాళాలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన కోప్పడలేదు. నన్ను, నా మోచేతిని, నా నూనె రాసిన జుట్టును చూసి నవ్వి, తలుపు తీసి "సదీక్, ఫోటో? తఆల్, అందర్ బైఠో!" అన్నాడు. అంటే రా నాయనా, లోపల కూర్చో అని. డ్రైవర్ సీటు! ఆనుకోవడమే మహాభాగ్యం అనుకున్నవాడికి స్టీరింగ్ ఇచ్చాడు. ఆనందంతో ఒక్క గెంతు గెంతి సీట్లో కూలబడ్డాను. కిందనుంచి 'కిటుక్' మని ఒక చిన్న చప్పుడు వచ్చింది.

"కెమెరా కిధర్?" అని అడిగాడాయన.

కెమెరా నా కింద ఉంది. తీసి చూస్తే వెనక తెర మీద నల్లటి సిరా ఒలికినట్టు మచ్చ, దాని చుట్టూ పగుళ్ళు. ఆ పెద్దమనిషి నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. "మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్" అని భుజం తట్టాడు. ఏమీ ఫరవాలేదని ఆయన అంటుంటే, నాకు మాత్రం పుట్టువెంట్రుకలు పెంచుకుని కూర్చున్న రెండున్నరేళ్ళ మేనకోడలు కళ్ళ ముందు నిలబడింది.

మా రూమ్‌లో నాతో పాటు ఇద్దరుండేవారు. ఒకరు తాత. నిజామాబాద్ వైపు వాడు, ప్లంబరు, వయసు యాభై దాటకపోయినా ఒమన్‌లో ఇరవై ఏళ్ళుండడం వల్ల తాత అయ్యాడు. ఇంకొకరు మేస్త్రి. కడప జిల్లా, టైల్స్ పరిచే పని. ఈయన గట్టి మనిషి, లోకంలో ఏ వంకరనైనా బుడగ ఉండే స్పిరిట్ లెవల్ పెట్టి తేల్చేసేవాడు. కూర రుచిగా లేకపోయినా ముందు గిన్నె లెవల్‌గా ఉందో లేదో చూసేవాడని మేము నవ్వుకునేవాళ్ళం. ఇద్దరూ శవం దగ్గర కూర్చున్నట్టు కెమెరా చుట్టూ కూర్చున్నారు.

"బావకు నిజం జెప్పు. తిడితె తిడ్తడు, సంపుతడా?" అన్నాడు తాత.

"తిట్టడు తాతా. అదే నా బాధ. 'పోనీరా' అంటడు, ఒట్టి చేతులతోని ఊరికి పోతడు." అని ఏడుపు ఆపుకోలేకపోయాను. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఏడ్చాను.

సోమవారం డ్యూటీ దిగి రువీ వెళ్ళాను. అక్కడ ఒక సందులో మొబైళ్ళు బాగుచేసే మలయాళీ ఉండేవాడు, అందరం చేట్టన్, అంటే అన్న, అనేవాళ్ళం. కెమెరా చూసి, ఫోటోలు మామూలుగానే పడతాయి, తెర ఒక్కటే పోయింది, అసలు తెర తెప్పించాలంటే నెల పడుతుందన్నాడు. నా ముఖం చూసి జాలిపడి, ఒక పాత డబ్బా వెతికి, అదే కంపెనీ వేరే మోడల్ కెమెరా తెర ఒకటి తీసి ఇచ్చాడు. "సైజ్ సేమ్. కనెక్షన్ సేమ్. ఫిట్ హో జాయేగా. గ్యారంటీ నహీ." బిగించడానికి ఈ వారం తీరిక లేదట. నేను టెస్టర్ పిడి కనబడేలా ఛాతీ ముందుకు పెట్టి, బిగించేది నేనే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఫ్లాష్ కే పాస్ హాథ్ మత్ లగానా, భాయ్" అన్నాడు. ఫ్లాష్ దగ్గర చెయ్యి పెట్టొద్దట! ఫోన్లు బాగుచేసుకునేవాడు కరెంటు మనిషికి కరెంటు గురించి చెబుతున్నాడు చూడండి అని లోపల్లోపల నవ్వుకుని బస్సెక్కాను.

శుక్రవారం సెలవు. పొద్దున్నే నాష్తా కానిచ్చి, అన్నం తినేటప్పుడు పరుచుకునే ప్లాస్టిక్ సుఫ్రాను నేల మీద పరిచి, దాని నడుమ కెమెరాను పెట్టాం. బావ దుక్మ్ నుంచి మధ్యాహ్నానికల్లా వస్తాడు, సాయంత్రం విమానం. అంటే మా చేతిలో నాలుగైదు గంటలున్నాయి. తాత తన కళ్ళజోడు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. మేస్త్రి, ఎవరూ అడక్కుండానే, లెవల్ తెచ్చి కెమెరా పక్కన పెట్టాడు. ఏ వస్తువునైనా విప్పేముందు అది పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోవాలని మా ఫోర్‌మన్ చెప్పిన పాఠం గుర్తొచ్చి, తాత ముఖం మీదికి ఒక ఫ్లాష్ కొట్టాను. బాగానే వెలిగింది. ఆ తర్వాత బ్యాటరీ తీసేసి పక్కన పెట్టి, "ఇగ ఇది పామే గాని, కోరలు తీసిన పాము" అని ఇద్దరికీ అభయమిచ్చాను.

ఏడు స్క్రూలు. ఒక్కోటి నువ్వుగింజంత. తీసిన స్క్రూను తీసినట్టే సుఫ్రా మీద వరసలో పేర్చాను. వెనక మూత ఊడింది, పాత తెర కనబడింది. అప్పుడు మేస్త్రి వంగి, "ఆ మూలన బ్యాటరీ మాదిరి నల్లగుండాదే, అదేంది అబ్బీ?" అని అడిగాడు. బ్యాటరీ తీసేశాక లోపల కరెంటు ఎక్కడినుంచి వస్తుంది, మీరే చెప్పండి. "ఇదా?" అంటూ వేలితో దాన్ని ముట్టి చూపించాను.

అది ఫ్లాష్‌కి కరెంటు దాచిపెట్టే కెపాసిటర్ అని నాకు ఆ క్షణంలోనే, చాలా లోతుగా, తెలిసింది. మోచెయ్యి దాకా ఎవరో ఇనుపరాడ్‌తో కొట్టినట్టయింది. "యమ్మో" అని కేక వేసి నేను వెనక్కి, కెమెరా పైకి, నా కాలు తగిలి సుఫ్రా పక్కకి, స్క్రూలు నలుదిక్కులకి. కెమెరాను తాత గాల్లోనే రెండు చేతులతో పట్టుకున్నాడు (ఇరవై ఏళ్ళుగా నిచ్చెన మీద నుంచి జారే పైపులు పట్టుకున్న చేతులవి). పట్టుకుని, దాన్ని మెల్లగా కింద పెట్టి, నన్ను చూసి పగలబడి నవ్వాడు.

"కరెంటోనికే కరెంటు కొట్టింది పో! పాముకు కోరలు తీసినంటివి గదరా?"

"ఊరుకో తాతా, పిల్లోడు పోయుంటే?" అని మేస్త్రి నా చేతిని రుద్దుతూ, మరుక్షణంలోనే, "స్క్రూలు యాడ పడినాయో ముందు సూడండప్పా" అన్నాడు. ముగ్గురం మోకాళ్ళ మీద పాకుతూ గంటసేపు వెతికాం. ఒకటి తాత చెప్పులో దొరికింది, ఒకటి బియ్యం సంచి మీద, ఒకటి నా వెంట్రుకల్లో. ఆరు దొరికాయి. ఏడోది నాకు తెలిసి ఇప్పటికీ అజైబాలోనే ఉంది.

చేట్టన్ మాట నిజమే, కొత్త తెర అచ్చంగా సరిపోయింది. కాగితం రిబ్బనంత పల్చటి తీగ ఒకటుంటుంది, దాన్ని గోటితో సందులోకి తోసి, పైన చిన్న నల్లటి గొళ్ళెం వాల్చాలి. నేను ఊపిరి బిగపట్టి తోస్తుంటే తాత, మేస్త్రి కూడా ఊపిరి బిగపట్టారు. మేస్త్రి మూత మూయనివ్వలేదు. లెవల్ ముక్క తెర మీద ఆనించి, బుడగ నడుమకు వచ్చేదాకా నన్ను తెరను జరిపించి జరిపించి, "ఇది వంకరగా ఉంటే ఫోటోల్లో మనుషులు ఒరిగిపోతారు, నా మాట యిను" అన్నాడు. నాకు కోపం వచ్చింది కానీ వాదించలేదు, ఇందాక ముట్టుకున్న వేలు ఇంకా తిమ్మిరిగానే ఉంది. ఏడో స్క్రూ లేని మూల మూత కొద్దిగా లేచి ఉంటే తాత తన సంచిలోంచి తెల్లటి టెఫ్లాన్ టేప్ తీశాడు. కుళాయిలకు, తాత మాటలో నల్లాలకు, చుట్టే టేపు. దాన్ని ఆ మూలకు రెండు చుట్లు చుట్టి, గోటితో నొక్కి, "ఇగ ఎక్కడ లీకు గాదు" అని సంతృప్తిగా తలాడించాడు. కెమెరాలోంచి ఏం లీకవుతుందని నేను అడగలేదు.

బ్యాటరీ వేసి, మనసులో దండం పెట్టుకుని బటన్ నొక్కాను. తెర వెలిగింది! రంగులన్నీ బంగారంలా ఉన్నాయి. ముగ్గురం ఒక్కసారి అరిచాం. అరుస్తూనే నేను కెమెరాను తాత వైపు తిప్పాను. తెర మీద సీలింగ్ ఫ్యాను కింద తిరుగుతోంది. పైన నేల ఉంది. ఆ నేల నుంచి తాత తలకిందులుగా వేలాడుతూ నన్ను చూసి నవ్వుతున్నాడు.

"ఉల్టా పట్టుకున్నవేమోరా" అన్నాడు తాత. కెమెరాను తిప్పి పట్టుకున్నాను. తాత మళ్ళీ తలకిందులే. నిలువుగా పట్టాను, అడ్డంగా పట్టాను, మంచం మీద పడుకుని పట్టాను. కెమెరాను ఎటు తిప్పినా అది మనుషుల్ని తలకిందులుగానే చూపిస్తోంది, ఎంత మొండిదనుకున్నారు! వేరే మోడల్ తెర కదా, దాని తల ఎటో దీని కాళ్ళు అటు. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు చేతబడి అనిపించింది. మేస్త్రి మళ్ళీ లెవల్ పెట్టి చూశాడు. బుడగ కదలకుండా నడుమన నిలబడింది. "లెవల్ కరెక్టుగానే ఉండాది కదప్పా!" అన్నాడు ఆయన దీనంగా. వృత్తి మీద అంతటి నమ్మకం పోయిన మనిషి ముఖం నేను మళ్ళీ చూడలేదు.

"మనిషినే తిప్పి సూడు" అని తాత లేచాడు. వద్దన్నా వినలేదు. గోడకు దిండు పెట్టి, దాని మీద నెత్తి ఆనించి, మేస్త్రి కాళ్ళు పట్టుకుని ఎత్తగా, గోడకు తలకిందులుగా నిలబడ్డాడు. లుంగీ మొత్తం ముఖం మీదికి వచ్చేసింది. (లోపల నిక్కరు ఉంది కాబట్టే ఈ సంగతి రాయగలుగుతున్నాను.) తెరలో మాత్రం తాత నిటారుగా, నేల మీద నిలబడి, గాలివానలో చిక్కుకున్నవాడిలా లుంగీ పైకెగిరి, దివ్యంగా ఉన్నాడు.

"సక్కగున్నడు! తాత సక్కగున్నడు!" అని నేను కేక వేశాను.

"అయితే యేం చేద్దాం?" అన్నాడు మేస్త్రి, తాత కాళ్ళు వదలకుండా. "పసిబిడ్డను కాళ్ళు పట్టుకుని తిరగేసి ఫోటో తియ్యమని మీ బావకు చెప్తావా?"

మళ్ళీ విప్పి చూద్దామని స్క్రూడ్రైవర్ అందుకున్నాను. అంతలో కిటికీ కింద హారన్ మోగింది. తాత దబ్బున కిందికి పడ్డాడు. దుక్మ్ బండి.

బావ నవ్వుతూ వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా దుమ్ము, పెదాలు ఎండి పగిలి ఉన్నాయి, కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, అట్టపెట్టెకు మూడు వరసల తాడు కట్టాడు. కట్టినంతసేపూ "మాట్లాడుతదారా? నన్ను సూసి గుర్తువడుతదా?" అని అడుగుతూనే ఉన్నాడు. రక్తం గుర్తుపడుతుందని తాత చెప్పాడు. నేను తాడు ముడి మీద వేలు పెట్టి పట్టుకున్నాను. కెమెరా సంగతి చెప్పాలనే ఉంది. చివరికి బావే, "ఏదిరా కెమెరా? పోయేముందు మనందరం ఒక ఫోటో దిగుదాం" అన్నాడు.

ఫోటో నేనే తీస్తానని కెమెరా అందుకున్నాను. ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు, తాతకూ మేస్త్రికీ ముఖాల్లో నెత్తురు లేదు. తెరలో మూడు జతల కాళ్ళు పైన, మూడు తలకాయలు కింద. ఫ్రేములో ఎవరి తల తెగిందో చూడడానికి నేను మెడ పూర్తిగా పక్కకు వంచాల్సి వచ్చింది.

"ఏందిరా మెడ గట్ల పెట్టినవ్?"

"పట్టేసింది బావా" అని బటన్ నొక్కాను.

"ఏది, సూపియ్" అని బావ చెయ్యి చాపాడు. అప్పుడు తాత బావ చెయ్యి పట్టుకున్నాడు. గొంతు బాగా బరువుగా పెట్టి, "అరే, ప్రయాణం వెట్టుకోని తీసిన ఫోటో ఇల్లు జేరేదాక సూడొద్దురా. సూస్తె దిష్టి తగుల్తది. మా దిక్కు ఎవ్వలు సూడరు" అన్నాడు. ఆయన దిక్కున అలాంటి ఆచారం ఏదీ లేదు. ఆ క్షణంలోనే పుట్టింది. కానీ బావ గుమ్మానికి నిమ్మకాయ కట్టందే డ్యూటీకి పోని మనిషి. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, "మంచిగ చెప్పినవ్ తాతా" అని కెమెరాను కూతురికి కొన్న గులాబీరంగు గౌనులో చుట్టి, భుజం సంచిలో అడుగున పెట్టుకున్నాడు.

బావ వెళ్ళిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. పిల్ల ఫోటోలన్నీ తలకిందులుగా పడతాయని, ఊళ్ళో అందరూ వాటిని చూసి నవ్వుతారని, బావ తలదించుకుంటాడని, అంతా నేనే చేశానని. తాతా మేస్త్రీ కూడా నాతోపాటు కుంగిపోయారు. అయిదో రోజు తింటూ తింటూ తాత ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"ఒరేయ్... ఫోటో ఉల్టా అచ్చిందే అనుకుందాం. కాగితం తిప్పి పట్టుకుంటె అయిపాయె గదరా?"

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఒక ప్లంబరు, ఒక టైల్స్ మేస్త్రి, ఒక సగం ఎలక్ట్రీషియన్, అయిదు రోజులు. (తెర సంగతి ఎలా ఉన్నా ఫోటోలు మామూలుగానే పడతాయని చేట్టన్ చెప్పిన మాట నాకు అప్పటికీ గుర్తు రాలేదు.) మేస్త్రి లేచి చేతులు కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులకు బావ ఫోన్ వచ్చింది. పేరు చూడగానే తాత తన మంచం మీద నుంచి, మేస్త్రి వంట దగ్గర నుంచి వచ్చి నా రెండు పక్కలా ఫోన్‌కి చెవులు ఆనించి కూర్చున్నారు. బావ 'హలో' అనకముందే నేను గబగబా, "బావా, కెమెరా నేనే పలగ్గొట్టిన. కారుల కూసుంటె నా కిందవడి పలిగింది. నేనే విప్పిన, నేనే బిగించిన. తప్పయింది బావా" అని మొత్తం కక్కేశాను.

"తెలుసుగదరా" అన్నాడు బావ.

"ఎట్ల తెలుసు?"

"విమానంల గౌను ఇప్పి సూసిన. కొత్త కెమెరాకు నల్లా టేపు సుట్టి అమ్ముతడారా ఏ కంపెనోడైనా?"

తాత పక్కకు తిరిగి గోడ వైపు చూడసాగాడు. బావ కాసేపు నవ్వి, ఆగి, గొంతు మార్చి చెప్పాడు. "ఈ మాట మీ అక్కకు చెప్పలే, ఫికర్ చేస్తదని. నేను ఇక్కడికచ్చి ఏడ్సినరా. కెమెరాకు గాదు. బిడ్డ నన్ను సూసి దగ్గరికే రాలే. నాలుగు దినాలు. నేను ఇంట్లకొస్తె అది బయటికి. బొమ్మ ఇచ్చిన, విసిరికొట్టింది. 'అమ్మా, గా కాకను పొమ్మను' అన్నది. నన్నురా. కన్నతండ్రిని వట్టుకోని కాక అన్నది."

తాత, మేస్త్రి ఫోన్‌కి ఇంకా దగ్గరగా జరిగారు.

"అయిదో దినం, సరే, దూరంకెళ్లైనా ఫోటో తీసుకుందామని వాకిట్ల నిలవడ్డ. నీ తెర సంగతి తెలుసు గదా, అండ్ల బిడ్డ ఉల్టా కనవడ్తది. ముఖం సక్కగ సూడాలంటె నేనే ఉల్టా కావాలె. ఏం జేసిన్నంటె, దానికి వీపు జేసి వంగి, కాళ్ల సందుల్నుంచి తలకాయ వెట్టి, గట్లనే కెమెరా పట్టిన. అది ఏడుపు ఆపింది. సూసింది. సూసి సూసి, అదిగూడ నా లెక్కనే వంగి, కాళ్ల సందుల తలకాయ వెట్టి నన్ను సూసిందిరా! ఒకటే నవ్వు. కిందవడి నవ్వింది. లేసచ్చి నా మెడ వట్టుకోని 'మల్లొకసారి' అన్నది. దినమంతా చేపిచ్చింది. నడుం పోయింది నాది."

అవతల పిల్ల నవ్వు వినిపిస్తోంది, దానికి తోడు అక్క ఏదో కేకలేస్తోంది. బావ మళ్ళీ అన్నాడు. "నిన్న పుట్టెంటికలు తీపిచ్చినం. మేనమామ ఒడిల కూసోవెట్టాలె, నువ్వు లేకపాయె. నా ఒడిల కూసున్నది. ఏడ్వలే. కెమెరా బాగు చేయిద్దునా అంటె మీ అక్క, గట్లనే ఉండనీ, ముట్టుకుంటె బాగుండదన్నది."

ఫోన్ పెట్టేశాక తాత లుంగీతో ముక్కు తుడుచుకున్నాడు. మేస్త్రి మాత్రం గొంతు సవరించుకుని, "ఏమైనా సెప్పు, లెవల్ నేను సూసిందే కదప్పా" అన్నాడు, మేమూ ఒప్పుకున్నాం.

ఇప్పుడు నేను అల్ ఖువైర్‌లో నాలుగు భవనాల మెయింటెనెన్స్ చూసుకుంటున్నాను. హెల్పర్ అన్న మాట పోయి ఏళ్ళయింది. ఫ్లాష్ ఉన్న వస్తువు ఏది చేతికొచ్చినా ముందు కెపాసిటర్‌ను ఖాళీ చేస్తాను, మోడల్ నంబరు సరిచూసుకోకుండా ఏ ముక్కా బిగించను. ఇన్నేళ్ళలో ఏసీలు, లిఫ్టులు, మోటార్లు, ఎన్ని బాగుచేశానో లెక్క లేదు, అన్నీ చక్కగానే పనిచేస్తున్నాయి. వాటిలో ఒక్కదాని గురించైనా ఎవరూ నాకు బావలా అంత దూరం నుంచి ఫోన్ చేసి చెప్పలేదు.